ముందు చేతులు జేబులో

ఎవరైనా గొంతు సవరించుకుంటే మామూలుగా మంచినీళ్లు ఇస్తాం. మొన్న సోమవారం పొద్దున మా శిక్షణ గది ముందు నుంచి పోతూ ఒక గొంతు సవరింపు విని నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. ముందు చిన్న దగ్గు, వెనకే పెద్ద దగ్గు, ఆ తర్వాత లోడు లారీ గేరు మార్చినట్టు ఒక 'హుఁ'. ఆపైన "మొదలైనాదేటి బాబూ?" అని ఒక ప్రశ్న. దానికి "ఊఁ, చెప్పండి" అని జవాబు. జవాబిచ్చిన గొంతు నాదే. లోపల కొత్తగా చేరిన పదిమంది బెంచీల మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. టీవీలో సింహాచలం గారు మాట్లాడుతున్నారు. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. ఉదయం తొమ్మిదింటి బ్యాచికి మాత్రం ఇంకా క్రమం తప్పకుండా హాజరవుతున్నారు.

రేవులో ఓడల నుంచి దిగిన బొగ్గుని రబ్బరు బెల్టుల మీద యార్డుకి చేర్చడం మా కంపెనీ పని. దాని పేరు చెప్పినా మీకేం ఉపయోగం లేదు, చెప్పకపోతే నాకు కొంత ఉపయోగం. నేను అక్కడ శిక్షణాధికారిని. బెల్టు మీద ఒక్కరోజు కూడా పనిచెయ్యకుండా, బెల్టు మీద పనిచేసేవాళ్లకి పని నేర్పించే ఉద్యోగం. ఎంబీయే చదివినవాడికి ఇదేమంత ఇబ్బందిగా అనిపించదు. ఇబ్బందిగా అనిపించాలని నాకు నేర్పిన మనిషి సింహాచలం గారు.

నేను చేరిన కొత్తలో కంపెనీ ఎక్కడో కొనితెచ్చిన శిక్షణ పాఠం ఒకటి ఉండేది. ఎనభై నాలుగు స్లైడ్లు, అన్నీ ఇంగ్లీషులో. ప్రతి బొమ్మలోనూ శుభ్రమైన పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక తెల్లాయన నవ్వుతూ ఉండేవాడు. బెల్టులతో పనిచేసే మనిషి అంతగా ఎందుకు నవ్వుతున్నాడో ఆ పాఠంలో ఎక్కడా చెప్పలేదు. నేను స్లైడు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఇరవయ్యో స్లైడుకి గదిలో సగం మంది నిద్రపోయేవాళ్లు. మిగతా సగం మంది మర్యాదస్తులు, కళ్లు తెరిచి నిద్రపోయేవాళ్లు.

ముందు బెంచీలో ఒకాయన మాత్రం మెలకువగా ఉన్నాడు. అప్పటికి నాకు పేరు తెలియని సింహాచలం గారు ఆయనే. యాభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, నెరిసిన మీసం, బొగ్గు ఇంకిపోయి ఇక వదలనని కూర్చున్న గోళ్లు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని వింటున్నాడు. నాకది కాస్త పొగరుగా తోచింది.

"బాబూ, ఒక్క మాట. ఆ బొమ్మలో బెల్టు కింద తెల్లగా ఉన్నాదేటది?"

చూశాను. మంచు. అప్పటిదాకా నేనూ గమనించలేదు.

"మంచండి."

"మంచు పడితే ఏటి సెయ్యాలో బాగా సెప్పినారు. మనకి మంచు పడ్డం అరుదు గదా బాబూ. వోనాకాలంలో బొగ్గు ముద్దయిపోయి తోక కాడ అడ్డం పడతాది. దానికేటి సెయ్యాలో ఏ బొమ్మలో ఉన్నాది?"

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి నవ్వారు. నేనూ నవ్వాను, నాకు వేరే దారి లేదు. ఆ మధ్యాహ్నం ఆయనే నన్ను బెల్టు దగ్గరికి తీసుకెళ్లాడు. బెల్టు మొదలయ్యే చోట, మా వాళ్లు తోక అనేచోట, పెద్ద డ్రమ్ము తిరుగుతోంది. బాగా చూద్దామని నేను ముందుకి వంగి, వేలు చాపి, "ఇదేమిటి?" అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగి, ఆ చేతిని తీసుకెళ్లి నా ప్యాంటు జేబులో పెట్టాడు. రెండోదాన్ని నేనే పెట్టుకున్నాను.

"బెల్టుని సూడాలంటే ముందు సేతులు జేబులో ఎట్టాల. కళ్లు సూత్తాయి, సెవులు ఇంటాయి. సేతికి బుర్ర నేదు బాబూ, అది ముందెల్లిపోద్ది."

పొగరనుకున్నది అదన్నమాట. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతులు జేబుల్లోనే పెరిగాయి. అందుకే పదివేళ్లూ ఉన్నాయి.

ఆయన బీరువాలో ఒక పుస్తకం ఉండేది. నాలుగు లాంగ్ నోటుబుక్కులు కలిపి కుట్టి, పైన పాత బెల్టు రబ్బరు ముక్క అట్టగా వేసింది. దాన్ని అందరూ తప్పుల పుస్తకం అనేవాళ్లు. ఎవరైనా పనిలో తప్పు చేస్తే ఆ పని ఎలా చెయ్యాలో వాళ్లే అందులో ఒక పేజీ రాయాలి. రాయడం రానివాడు చెబుతుంటే పక్కవాడు రాసేవాడు, కింద వేలిముద్ర. ఆ రోజు నుంచీ ఆ పేజీ అతనిది. దసరాకి ఆయుధపూజ రోజున స్పానర్లు, సుత్తులు కడిగి బొట్టు పెట్టినప్పుడు ఆ పుస్తకానికీ పెట్టేవారు. పూజయ్యాక పులిహోర పొట్లాలు పంచేముందు ఎవరి పేజీ వాళ్లు లేచి చదవాలి. ఏడాదిలో మిషను మారి, రాసింది తప్పయిపోతే ఒక్క గీత కొట్టి కింద కొత్తది రాయాలి. కొట్టేసిన అక్షరాలు గీత కింద కనబడుతూనే ఉండాలన్నది ఆయన పట్టింపు. మొదటి పేజీ ఆయనదే. 'నాను బెల్టు నడుత్తుండగా దాని మీద సుత్తి మరిసిపోయినాను' అని మొదలవుతుంది. సుత్తి ఏమైందో నాలుగు పంక్తుల్లో ఉంది. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఎనభై నాలుగు స్లైడ్లకి నాకు ఒక్కసారీ జలదరించలేదు.

ఆ పుస్తకాన్ని వీడియోలు చేద్దామన్నది నా ఆలోచన. నా జీవితంలో ఒంటిచేత్తో లెక్కపెట్టగల మంచి ఆలోచనల్లో అదొకటి. ఎవరి పేజీ వాళ్లే, బెల్టు దగ్గర నిలబడి, ఫోను ముందు చెప్పాలి. జనరల్ మేనేజరు గారు ఆలోచించి సరేనన్నారు. "కానీ కంట్రోల్ మన దగ్గరుండాలి" అన్నారు. కంట్రోల్ అంటే నేను తయారుచేసిన ఒక ఫారం. పద్నాలుగు గడులు. వీడియోలో ఒక్క మాట మార్చాలన్నా ఆ గడులన్నీ నింపి, ఇంగ్లీషు అనువాదం జతచేసి, ముగ్గురి సంతకాలు తీసుకోవాలి. ఆ ఫారం చాలా అందంగా ఉండేది. దాన్ని చూసి నాకు కొంచెం గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

మొదటి వీడియో తీసినప్పుడు సింహాచలం గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "కార్మిక సోదరులారా, యంత్రము యొక్క భద్రత" అని అందుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మావా, ఓట్లడుగుతన్నావేటి?" అన్నాడు పైడిరాజు. నవ్వు మొహం, గట్టి చేతులు, మూడో బెల్టు మీద పని. సింహాచలం గారిని మావా అని పిలవడంలో చుట్టరికమేమీ లేదు, చనువే.

"నోరు ముయ్యెహె. బాబుగారు ఏటనుకుంటారు?"

"బాబుగారు ఏమీ అనుకోరు. మీరు పైడిరాజుని తిట్టినట్టే చెప్పండి" అన్నాను.

అప్పుడు గొంతు సవరించుకున్నారు. చిన్న దగ్గు, పెద్ద దగ్గు, 'హుఁ'. "మొదలైనాదేటి బాబూ?" ఆ తర్వాత ప్రతి వీడియోకీ అదే ఆరంభం. కత్తిరించేద్దామనుకున్నాను గానీ కూర్చున్నవాళ్లు ఆ 'హుఁ' దగ్గరే నిటారుగా అవుతున్నారని గమనించి ఉంచేశాను.

గౌరి వచ్చింది ఆ రోజుల్లోనే. జాలరిపేట పిల్ల, ఐటీఐ ఫిట్టరు. వాళ్లమ్మ చేపలమ్ముతుంది. బెల్టుల మీదకి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమే. మొదటిరోజు సింహాచలం గారు అలవాటుగా "సేతులు జేబులో ఎట్టమ్మా" అన్నారు.

"ఏ జేబులో ఎట్టమంటావు మావయ్యా?" అంది గౌరి.

కంపెనీ ఆడవాళ్లకి కుట్టించిన యూనిఫారంలో జేబుల్లేవు. కుట్టించినవారికి ఆ సంగతి తట్టలేదు, సంతకం పెట్టినవాళ్లలో ఒకడినైన నాకూ తట్టలేదు. సింహాచలం గారు మర్నాడే నా గదికొచ్చి, "జేబుల్లేకుండా భద్రత నేదు బాబూ" అన్నారు. స్టోర్సుకి ఉత్తరం రాశాను. నెలలోగా పరిశీలిస్తామని జవాబొచ్చింది. ఆలోగా గౌరి ఇంటి దగ్గరే పాత వల సంచి గుడ్డతో రెండు జేబులు కుట్టుకుని వచ్చేసింది. తప్పుల పుస్తకంలో ఆ పేజీ ఎవరు రాయాలని చిన్న చర్చ జరిగింది. నేను నవ్వి తప్పించుకున్నాను. అప్పటికి నేను ఆ పుస్తకాన్ని మెచ్చుకునేవాణ్ణే గాని అందులో ఉండవలసినవాణ్ణి కాదనుకునేవాణ్ణి.

ఇక్కడి నుంచి చెప్పేటప్పుడు హాస్యం తగ్గుతుంది. క్షమించాలి.

బెల్టు పొడవునా నడుమెత్తున ఒక తాడు ఉంటుంది. దాన్ని లాగితే బెల్టు ఆగిపోతుంది. లాగినచోట ఒక మీట కిందికి పడుతుంది. ఎవరో ఒకరు అక్కడికి నడిచొచ్చి ఆ మీట చేత్తో ఎత్తితే తప్ప బెల్టు మళ్లీ కదలదు. తోక దగ్గర ముద్దయిన బొగ్గు తియ్యడం గురించి సింహాచలం గారి వీడియో దీని మీదే ఆధారపడింది. తాడు లాగు, మీట పక్కన నీ మనిషిని నిలబెట్టు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. ఆ ఏడాది వానాకాలం ముందు నాలుగో బెల్టుకి కొత్తరకం స్విచ్చులు వచ్చాయి. తాడు అదే, మీట అదే. కానీ ఇప్పుడు కంట్రోల్ రూములో కూర్చున్నవాడు ఒక బటన్ నొక్కి బెల్టుని మళ్లీ నడిపించగలడు. మీట పక్కన మనిషిని నిలబెట్టినా అడ్డుకోగలిగేదేమీ లేదు. ఇక ఎంత చిన్న పనికైనా వెళ్లి బెల్టు కరెంటుకి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో పెట్టుకునే రావాలి.

సింహాచలం గారు దాన్ని మొదటిరోజే కనిపెట్టారు. ఫారం కాదు, చిన్న చీటీ రాసి నా బల్ల మీద పెట్టారు. 'నాలుగో బెల్టు తాడు మారింది. నా పేజీ తప్పు. తీసెయ్యండి.' కింద సంతకం. నేను చదివాను. అర్థమైంది కూడా. మార్పుకి కారణం అన్న గడి నింపలేదు, అనువాదం లేదు, సంతకాలు లేవు. చీటీని సొరుగులో పెట్టాను. రెండుసార్లు అడిగారు.

"నా కాగితం ఏటయినాది బాబూ?"

"ప్రాసెస్‌లో ఉందండి."

ప్రాసెస్ అంటే సొరుగు. పదకొండు రోజులు ఉంది. తన షిఫ్టు వాళ్లకి ఆయన నోటితో చెప్పుకున్నారు. పైడిరాజుది వేరే షిఫ్టు. అతన్ని మూడో బెల్టు నుంచి నాలుగో బెల్టుకి మార్చారు. నిబంధన ప్రకారం పొద్దున్నే మా శిక్షణ గదిలో కూర్చుని వీడియో చూశాడు. చివర పెట్టే పరీక్షలో పదికి పది తెచ్చుకున్నాడు. నా శిక్షణని అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకుముందు లేడు. మధ్యాహ్నం వాన కురిసింది, బొగ్గు ముద్దయింది. అతను తాడు లాగాడు, మీట పక్కన మనిషిని నిలబెట్టాడు, ఆ తర్వాతే చెయ్యి పెట్టాడు. కంట్రోల్ రూములో ఉన్నవాడికి తెర మీద ఒక బెల్టు ఊరికే ఆగి ఉన్నట్టు కనిపించింది.

కుడిచేతి రెండు వేళ్లు.

మర్నాడు ఆసుపత్రికి సింహాచలం గారూ నేనూ వెళ్లాం. పైడిరాజు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, పరీక్ష తప్పిన వాడిలా చూస్తున్నాడు.

"మావా, నువ్వు సెప్పినట్టే సేసినాను గదా? ఏటి తప్పు సేసినాను?"

సింహాచలం గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. అతని కట్టు వైపు చూస్తూ అన్నారు. "నువ్వు తప్పు సెయ్యనేదురా. నా మాటే పాతదైపోనాది. పాతదైపోయిన మాట ఇంకా తిరగతన్నాది."

నేను వాళ్ల వెనక నిలబడి ఉన్నాను. చీటీ సంగతి ఆయన చెప్పలేదు. చెబుతారేమోనని ఎదురుచూశాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను, అది ఎంతవరకు నిజమో తెలీదు. ఆ వారం విచారణ నివేదిక నేనే రాశాను. 'సమాచార లోపం' అని రాశాను. మేనేజరు గారు అది మంచి మాటన్నారు.

నివేదిక వెళ్లిన రోజు సాయంత్రం సింహాచలం గారు నా గదికొచ్చి తప్పుల పుస్తకం బల్ల మీద పెట్టారు. ఖాళీ పేజీ తీసి ఉంది. పక్కన పెన్ను.

"రాయండి బాబూ."

"నేను బెల్టు మీద పనిచెయ్యను కదండీ" అన్నాను. ఆయన పెన్ను నావైపు ఇంకాస్త జరిపారు.

"కోపంతో అడగనేదు" అన్నారాయన. "నాను రాసినాను, పైడిరాజు సదివినాడు. మజ్జిలో మీరున్నారు. మజ్జిలో ఉన్నోడు ఏటి సెయ్యాలో ఎవులికీ తెల్దు. ఆ పని మీకే తెల్సు. మీరు రాయకపోతే మీ తరవాతొచ్చే బాబు కూడా సొరుగులోనే ఎడతాడు."

రాశాను. మొదటి ప్రయత్నంలో అరపేజీలో ఆలస్యం జరగడం, సంతకాలు అందకపోవడం వగైరా ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చదివి, "వోన కురిసినట్టు రాసినారు. దీంట్లో మీరెక్కడున్నారు?" అన్నారు. గీత కొట్టి మళ్లీ మొదలుపెట్టాను. 'చీటీ నా చేతికి వచ్చింది. నాకు అర్థమైంది. నేను దాన్ని సొరుగులో పెట్టాను.' కింద ఏం చెయ్యాలో రాశాను: తప్పని చెబుతూ చీటీ వచ్చిన క్షణాన ఆ వీడియో ఆపెయ్యాలి, సంతకాలు ఆ తర్వాత చూసుకోవాలి. మర్నాడు షిఫ్టు మారే వేళకి అందరి ముందూ నిలబడి చదివాను. కాలేజీలో నాటకాలాడినవాణ్ణి, నలుగురి ముందు నిలబడటం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. పుస్తకం గౌరి పట్టుకుంది.

ఎవరూ తిట్టలేదు. తిడతారని సిద్ధపడి వెళ్లినవాడికి అది కొంచెం కష్టమే. చివరికి వెనకనుంచి ఎవరో, "అయితే రేపట్నుంచి సీటీ ఎక్కడ ఎట్టాల సార్?" అని అడిగారు. పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. అప్పటి నుంచీ పేజీ ఎవరిదో వీడియో కూడా వాళ్లదే. మార్చేదీ తీసేదీ వాళ్లే. నా పని వాళ్లు చెప్పినది వెంటనే చెయ్యడం. నా అందమైన ఫారంని మేనేజరు గారు కొన్నాళ్లు వెతికారు. నివేదిక కూడా తిరగరాసి ఇచ్చాను. అందుకు నాకు రావలసింది వచ్చింది. ఇక్కడ దాని ప్రస్తావన అనవసరం. పైడిరాజుకి తేలికపని కింద మా శిక్షణ గది అప్పగించారు. రోజూ వీడియోలు వేసేది అతనే, ఎడమచేత్తో. రోజూ నాకు నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం అలవాటవడానికి నాకు చాలాకాలం పట్టింది. అలవాటైందని కూడా అనలేను.

సింహాచలం గారు రిటైరైన ఏడాదికే ఊపిరితిత్తులు మొరాయించాయి. కంచరపాలెంలో రైలుపట్టాల పక్క సందులో ఇల్లు. నేను వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. గూడ్సు బండి వచ్చినప్పుడల్లా ఇద్దరం మాట ఆపేవాళ్లం. ఒక బొగ్గు బండి పోయాక ఆయన వేలెత్తి, "ఎనకనించి మూడో పెట్టెకి బేరింగు పోనాది. ఎవులికి సెప్పాల?" అన్నారు. చెప్పే దారి మా ఇద్దరికీ తెలియలేదు.

"నా పేజీలు ఎవులికిచ్చినారు?"

"తలా ఒకటి పంచాం. రోలర్ల చప్పుడు పేజీ గౌరికిచ్చాం."

"మంచిది. దానికి సెవులున్నాయి." ఊపిరి అందుకున్నారు. "ఇచ్చినాక మరి నాది కాదు. దానిదే."

"మీదే కదండీ, మీ వీడియోయే కదా" అన్నాను, ఓదార్పుగా ఉంటుందని. ఆయన నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. పదివేళ్లూ ఉన్నవాడు, వేలు చాపినవాడి వైపు చూసే చూపు.

ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు నేను మీటింగులో ఉన్నాను. ఫోను పెట్టేసి మీటింగు పూర్తిచేశాను. ఎందుకలా చేశానో అడిగితే చెప్పలేను. కంచరపాలెం వెళ్లేసరికి సందంతా మా యూనిఫారాలే. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చేశారు. అందరూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు, ప్రతివాడి చేతులూ జేబుల్లో. నావీ అక్కడే ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన ఆయన పెదనాన్న కొడుకు అది చూసి మండిపడ్డాడు.

"ఏటర్రా, సావు కాడ జేబుల్లో సేతులేటి? మర్యాద నేదా మీకు?"

గబుక్కున అందరం చేతులు తీశాం. తీశాక వాటినేం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. గౌరి అప్పుడే ఏడ్చింది.

ఆ తర్వాత ఈ రెండేళ్లలో ఆయన వీడియోలు ఒక్కొక్కటే పోయాయి. స్విచ్చులు మారాయి, గ్రీజు మారింది, సైరను మారింది. ఎవరి పేజీ వాళ్లు కొత్తగా చెప్పుకున్నారు. పుస్తకంలో అయితే గీత కింద పాత అక్షరం మిగులుతుంది. వీడియోకి ఆ సౌకర్యం లేదు. చివరికి మిగిలింది బెల్టు కింద తిరిగే రోలర్ల చప్పుడు ఒక్కటే. నడుస్తున్న బెల్టు పక్కన వంగి, కర్రముక్క ఒక కొస ఇనుప చట్రానికీ మరో కొస చెవికీ ఆనించి, "మంచి రోలరు నిద్దరోయిన మనిసిలాగ ఊపిరి తీత్తాది. పోయే రోలరు సెనగలు నమిల్నట్టు ఉంటాది, ఇనండి" అని ఆయన చెప్పే వీడియో. మొన్న సోమవారం నన్ను గోడ పట్టుకునేలా చేసింది అదే.

ఆ సోమవారమే గౌరి చీటీ ఇచ్చింది. 'రోలర్ల చప్పుడు పేజీ నాది. బెల్టుకి అడ్డంగా ఇనుప జాలీ వేశారు. నడిచే బెల్టు దగ్గరికి ఇంక ఎవరూ వెళ్లకూడదు. పాత వీడియో తీసెయ్యాలి. కొత్తది నేను చెబుతాను.' చదివాను. అర్థమైంది. సొరుగులో పెట్టలేదు. అంత మూర్ఖుణ్ణి కాను. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మంగళవారం పని ఒత్తిడి ఉంది. బుధవారం గౌరి తలుపు దగ్గర నిలబడింది. ఇప్పుడామె షిఫ్టు ఇన్‌చార్జి. యూనిఫారానికి కంపెనీ కుట్టిన జేబులే ఉన్నాయి.

"నా కాగితం సూసినారా సార్?"

"చూస్తున్నానమ్మా."

"సూత్తన్నారా, దాసుకున్నారా?"

నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ఆమె కిటికీ వైపు చూస్తూ అంది. "అది తీసేత్తే మావయ్య గొంతు ఇంకెక్కడా ఉండదని నాకు తెల్దేటి? నాకు మాత్రం బాగుంటాదేటి సార్? రేత్రి కూకుని రాసినాను ఆ సీటీ. నాలుగు కాగితాలు సింపినాను."

గురువారం పొద్దున బెల్టుల వైపు వెళ్లాను. సోమవారం బ్యాచిలో కూర్చున్న ఒక మనిషి, నలభై దాటినవాడు, కొత్త జాలీ పక్కన వంగి ఉన్నాడు. చేతిలో కర్రముక్క. అది దూరేంత సందు ఎక్కడుందా అని జాలీని తడుముతున్నాడు. నేను అరిచేలోపు గౌరి వెళ్లి అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏటి సేత్తన్నావన్నా?"

"వీడియోలో పెద్దాయన సెప్పినారు గదమ్మా" అన్నాడతను, చాలా మర్యాదగా. శ్రద్ధగా విన్నవాడి గొంతు అది. ఆ గొంతు నేను ముందోసారి ఆసుపత్రిలో విన్నాను.

శిక్షణ గదికి నడిచిన దూరం నాకు గుర్తులేదు. పైడిరాజు తొమ్మిదింటి బ్యాచికి టీవీ పెట్టబోతున్నాడు. చీటీ తీసి అతనికిచ్చాను. చదివాడు. తారీఖు దగ్గర కాసేపు ఆగాడు. సోమవారం నాటిది. నా వైపు చూడకుండా కుర్చీ ఖాళీ చేసి పక్కకి జరిగాడు. మూడువేళ్ల చెయ్యి బల్ల మీద ఆనించి ఉంచాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ వీడియో మీద గుర్తు పెట్టాను. తీసెయ్యాలా అని అది అడిగింది. నేను లేచి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, ఒక నిమిషం ఊరికే చూశాను. తర్వాత చెయ్యి తీసి నొక్కాను.

ఆ మధ్యాహ్నం గౌరి కొత్త వీడియో చెప్పింది. ఫోను నేనే పట్టుకున్నాను. ఇస్త్రీ యూనిఫారం వేసుకుని వచ్చి, ఒక్క క్షణం బెల్టు వైపు చూసి, "ముందు సేతులు జేబులో ఎట్టండి. జేబుల్లేకపోతే కుట్టించుకుని రండి" అని మొదలుపెట్టింది. బాగా వచ్చింది. పాతదానికంటే బాగుందనాలి, ఎందుకంటే ఇది నిజం.

తప్పుల పుస్తకంలో నాకిప్పుడు రెండో పేజీ ఉంది. ఈసారి ఎవరూ పెన్ను పెట్టలేదు. 'చీటీ మూడురోజులు నా చొక్కా జేబులో ఉంది' అని మొదలవుతుంది. దసరాకి చదవాలి.

ఒక విషయం దాచడం న్యాయం కాదు. ఆ బటన్ నొక్కేముందు వీడియో మొదట్లోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి నా ఫోనులో పెట్టుకున్నాను. చిన్న దగ్గు, పెద్ద దగ్గు, 'హుఁ'. మొదలైనాదేటి బాబూ? ఊఁ, చెప్పండి. అక్కడితో ఆగిపోతుంది. ఎన్నిసార్లు వెతికినా అందులో తప్పు సమాచారం ఏమీ దొరకలేదు. అయినా నా అంతట నేను నిర్ణయించుకోవడం మంచిది కాదని తీసుకెళ్లి గౌరికి వినిపించాను. రెండుసార్లు వింది. మూడోసారి వినిపించమంది. ఆ తర్వాత ఫోను నా చేతికిచ్చి, "ఇది ఉంచుకోండి సార్, పర్లేదు" అంది.

అడగడం అవసరమే. ఆ పేజీ ఆమెది.